కాఫీ అనే మాట వెంట బందరు దాకా

యాత్ర అంటే కాశీయో రామేశ్వరమో అయి ఉండాలని మా ఊళ్ళో అందరి నమ్మకం. కాశీ నేనూ చూశాను, విశ్వేశ్వరుడి దయవల్ల, రెండేళ్ళ కిందట. ఈసారి వెళ్ళింది మాత్రం రేపల్లె నుంచి బెజవాడకీ, అక్కణ్ణుంచి బందరుకీ. ఇంత దగ్గర ప్రయాణం గురించి రాయడమేమిటని మావారు నవ్వారు. నవ్వనివ్వండి. కాశీలో నేను ఒకటి వదిలేసి వచ్చాను, బందర్లో నాకు ఒకటి దొరికింది. రెండూ కాఫీకి సంబంధించినవే.

కాశీ వెళ్ళినవాళ్ళు గంగ ఒడ్డున తమకి ఇష్టమైన కాయో పండో ఒకటి వదలాలి. మళ్ళీ ఈ జన్మలో దాన్ని ముట్టకూడదు. మావారు పొట్లకాయ వదిలారు. ఆయన పొట్లకాయ తినగా నేనెప్పుడూ చూడలేదు. మా అత్తగారు పనసపండు వదిలారు. అది ఆవిడకి ఎటూ పడదు. నా వంతు వచ్చేసరికి తడిబట్టలతో వణుకుతూ నుంచున్నాను. మనసంతా ఒక్క గుక్క వేడి కాఫీ మీద ఉంది. "మీకు ఇష్టమైనదేదో చెప్పండమ్మా" అన్నాడు పురోహితుడు. గంగమ్మ ఎదుట అబద్ధం ఆడతామా? "కాఫీ" అన్నాను. ఆయన గబగబా మంత్రం చదివేసి నా చేత నీళ్ళు వదిలించాడు. మావారు "అదేమిటే!" అనేలోపు అంతా అయిపోయింది.

అలాంటిదాన్ని, కాఫీ అనే మాట కోసమే ఊళ్ళు తిరగవలసి వచ్చింది.

ఎందుకు బయల్దేరానంటే

నేను బడికి వెళ్ళలేదు. నాకు చదువు చెప్పింది మా నాన్నగారు. వారపత్రిక వచ్చిన రోజున నన్ను పక్కన కూచోబెట్టుకుని ముందు పెద్ద అక్షరాల శీర్షికలు, తరవాత వార్తలు, ఆఖర్న మందుల ప్రకటనలు చదివించేవారు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఆ పత్రికలో ఒకసారి ఆయన రాసిందే పడింది. కాఫీ గురించి. ఏం రాశారో నాకు గుర్తులేదు. అరుగు మీద నలుగురిని కూచోబెట్టి చదివి వినిపించడం, అమ్మ తలుపు వెనక నుంచుని వినడం గుర్తు. ఆ కాగితం ఒక గాలివానకి ఇంటికప్పుతో పాటు పోయింది.

అత్తవారింటికి వచ్చిన కొత్తలో గొప్పగా ఈ సంగతి చెప్పాను. అప్పణ్ణుంచీ పేపరు వచ్చినప్పుడల్లా మా అత్తగారు మావారితో, "చూడరా, మీ మావగారి సంగతేమన్నా పడిందేమో" అంటూనే ఉన్నారు. ఆవిడ మంచిదే. కానీ ఆ ఒక్క మాట వినగానే నేను ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

మా మరిది భార్య సరళ బెజవాడలో ఆడపిల్లల కాలేజీలో లెక్చరరు. పాత పత్రికల్లో కాఫీ అనే మాటని ఏ కాలంలో ఎలా వాడారో చూసి, కాలేజీ సంచికకి వ్యాసం రాయాలనుకుంది. ఆ ఆలోచన ఆమెకి మా నాన్నగారి కథ వింటేనే వచ్చింది. ఆ మాట ఎవరితోనూ అన్నట్టు లేదు. "అక్కయ్యా, మీరూ రండి, మీ నాన్నగారిది దొరికితే దొరుకుతుంది" అని కార్డు రాసింది. 'దొరికితే' అన్నచోట కాస్త గుచ్చుకుంది. అయినా పిలిచినందుకు సంతోషించాను. కార్తీకమాసం, కృష్ణలో స్నానం కూడా అవుతుందని అత్తగారితో చెప్పి బయల్దేరాను. స్నానం మాటా నిజమే. కానీ నా కోరిక ఒకటే. నాన్నగారి పేరు అచ్చులో చూడాలి, తెచ్చి అత్తగారికి చూపించాలి.

భవానీపురం

మర్నాడు పొద్దున్నే కృష్ణలో మునిగి, ఆకుదొన్నెలో దీపం వదిలి, ఎదురుగా కొండమీది దుర్గమ్మకి దణ్ణం పెట్టుకుని సరళ వాళ్ళింటికి వచ్చేసరికి, నా కళ్ళని నేనే నమ్మలేకపోయాను. సరళ వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు చదువుతోంది. మా మరిది వంటింట్లోంచి నురగలు కక్కుతున్న గ్లాసు తెచ్చి ఆమె చేతికి ఇచ్చాడు.

"ఇదిగో మేడంగారూ, ఫస్టు డికాషను."

ఆమె పేపరు మీంచి తల ఎత్తకుండానే అందుకుంది. "పంచదార సరిపోయిందా లేదా చూసి చెప్పు" అన్నాడు.

నన్ను చూసి, "వదినా, మీకూ కలపనా? అయ్యో, మర్చేపోయాను, మీ కాఫీ కాశీలో ఉండిపోయింది కదూ!" అన్నాడు.

నవ్వాను. లోపల ఎలా ఉందో దుర్గమ్మకే తెలియాలి. ఈ మరిదీ మావారూ ఒక్క తల్లి బిడ్డలే. మా ఇంట్లో పద్ధతి వేరు. మొదటి డికాషను మగవాళ్ళకి, వచ్చినవాళ్ళకి. ఆ తరవాత మిగిలిన పిప్పి మీద మళ్ళీ వేడినీళ్ళు పోస్తే దిగేది కోడలికి. పెళ్ళయిన దగ్గర్నుంచి కాశీ వెళ్ళేదాకా నేను తాగింది ఆ రెండో డికాషనే. దాన్నే కాఫీ అనుకుని, దానికోసమే తెల్లవారుతుందని సంబరపడుతూ లేచేదాన్ని. అది ఉన్నందుకే దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని. సరళ గ్లాసు రంగు చూశాక, ఇన్నాళ్ళూ నా గ్లాసులో ఉన్నది ఏ రంగో గుర్తుకు తెచ్చుకోబోయి మానేశాను.

బెజవాడ గ్రంథాలయంలో

పాత పత్రికల గదిలో ఇద్దరం ఎదురెదురుగా కూచున్నాం. అక్కడి పెద్దమనిషి నస్యం పీలుస్తూ కట్టలు ఒక్కొక్కటే తెచ్చి పడేశాడు. సరళని "మేడం" అన్నాడు, నన్ను "అమ్మగారూ" అన్నాడు. సరళ కళ్ళజోడు పెట్టుకుని, ఫౌంటెన్ పెన్ను మూత తీసి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంటూ పోయింది. నాకు పెన్సిలు ఇచ్చింది. పాత కాగితాల మీద సిరా ఒలకకూడదట. మరి ఆమె సిరా?

కానీ ఒకటి చెప్పాలి. ఆ రోజు నాకు దొరికిన ఆనందం చిన్నదేమీ కాదు. నాన్నగారి పక్కన కూచున్నట్టే ఉంది. అన్నిటికన్నా పాత కట్టల్లో కాఫీ అనే మాట ప్రకటనల్లో తప్ప లేదు. క్వినైను మాత్రలకీ, తలనొప్పి తైలానికీ మధ్య, అదీ ఒక మందు అన్నట్టు కూచుని ఉంది. పదేళ్ళు గడిచేసరికి వార్తల్లోకి వచ్చింది. పట్నాల్లో కాఫీ హోటళ్ళు పెరిగిపోతున్నాయని, వాటిలో ఎవరు ఎవరి పక్కన కూచుంటున్నారో అని వాదులాటలు. ఆపైన చుట్ట, నస్యం, పేకాటల సరసన చేరింది. మరి కొన్నాళ్ళకి అన్నీ ఆడవాళ్ళ మీద పడ్డాయి. కాఫీ మరిగిన ఆడది పొద్దెక్కి లేస్తుందనీ, చద్దన్నం మానేసి సంసారం ఆర్పేస్తుందనీ ఎంతమంది రాశారో! యుద్ధం వచ్చి పంచదార దొరకని రోజుల్లో ఆ మాట దీనంగా అయిపోయింది. స్వరాజ్యం వచ్చాక సభల వార్తల్లో దర్జాగా ఫలహారాల పక్కన నుంచుంది. మనుషుల్లాగే మాటలకీ రోజులు మారతాయి.

"ఆడవాళ్ళ మీద రాసినవాళ్ళందరూ కాఫీ తాగే రాసి ఉంటారు" అన్నాను.

సరళ పకపకా నవ్వింది. "అక్కయ్యా, భలే అన్నారు, రాసుకుంటానుండండి" అని రాసేసుకుంది. ముత్యాల అక్షరాలతో. నా మాట ఆమె చేతిలో నాకంటే అందంగా ఉంది.

మధ్యాహ్నం దగ్గర్లో హోటలుకి వెళ్ళాం. పెసరట్టు మా రేపల్లెలోకంటే పల్చన, అల్లం పచ్చడి మాత్రం దిట్టంగా ఉంది. కాఫీ నలభై పైసలు. మావైపు ఇంకా ముప్ఫైయే. సరళ ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది.

"అబ్బ! అక్కయ్యా, ఏముంది అసలు!"

"నాకు వాసన వస్తోందిలే" అన్నాను. నా ముందు వేడిపాలు ఉన్నాయి. మీగడ కట్టిన పాలు. ఎంత మంచి పాలో. కృష్ణార్పణం అనుకుని తాగేశాను.

తిరిగి వచ్చాక నా పనికి వచ్చాం. నాన్నగారిది పడింది ధాత నామ సంవత్సరం మాఘమాసంలో. ఆ మాఘంలోనే మా తమ్ముడు పుట్టాడు కాబట్టి అందులో అనుమానం లేదు. ధాత అంటే పంతొమ్మిది వందల ముప్ఫై ఆరు అని సరళ ఠక్కున లెక్క చెప్పింది. ముప్ఫై ఆరు కట్ట తెచ్చారు. మాఘం అంటే ఏడాది మొదటి రెండు మూడు నెలలు. అవి చూశాం. లేదు. మిగతా ఏడాదంతా తిరగేశాం. కాఫీ మీద తిట్లున్నాయి గానీ నాన్నగారు లేరు. పోనీ తరవాతి ఏడాది కట్ట ఇమ్మంటే, అది చెదలు తినేసిందన్నాడు నస్యం పెద్దమనిషి.

సరళ పెన్ను మూత పెట్టింది. చాలా మెత్తగా అంది, అందుకే ఎక్కువ తగిలింది. "చిన్నప్పటి జ్ఞాపకాలు ఒక్కోసారి అలాగే ఉంటాయి అక్కయ్యా. మనకి కావలసినట్టు మనమే కట్టుకుంటాం."

ఆ సాయంత్రం సంధ్యాదీపం పెట్టి ఎంతసేపు కూచున్నా ప్రార్థన కుదరలేదు. నిజంగానే నేను కట్టుకున్నానా?

బందరు బస్సు

సరళకి బందరు గ్రంథాలయంలో ఇంకొన్ని కట్టలు చూడాలని ఉంది. నాకు వెనక్కి వెళ్ళిపోవాలని ఉంది. "లడ్డూ తిందురుగాని రండి, అది వదల్లేదు కదా" అని లాక్కుపోయింది. ఉయ్యూరు దగ్గర చెరుకు బండ్లు అడ్డం వచ్చి బస్సు ఆగిపోయింది. గాలి నిండా బెల్లం కాగిన వాసన.

నా పక్కన ఒక రైతు ఇల్లాలు ఒళ్ళో కొత్త చీరల మూట పెట్టుకుని కూచుంది. పలకరించాను.

"పెళ్ళి పనులా అమ్మా?"

"అవునండి, మా చిన్నదానికి. ఈ ఆనంద సంవత్సరంలోనే, మాగంలో పెట్టుకున్నాం."

"ఏ తారీఖు?"

"తారీకు నాకేం తెలుస్తదండీ! కొత్త కేలండరు రావొద్దా? ఇంట్లో గోడకున్న కేలండరు మార్గశిరంతోనే ఐపోయింది."

నేను ఆ మూటకేసి చూస్తూ ఉండిపోయాను. ఆమె ఇంకా ఏదో చెబుతోంది. నాకు వినపడలేదు. ఉగాది నుంచి లెక్క పెడితే మాఘం సంవత్సరం చివర్లో వస్తుంది. ఇంగ్లీషు లెక్కలో అప్పటికి కొత్త ఏడాది వచ్చేసి ఉంటుంది. ధాత మాఘం ముప్ఫై ఆరులో లేదు, ముప్ఫై ఏడులో ఉంది. పుట్టిన దగ్గర్నుంచి రెండు లెక్కలతోనూ బతుకుతున్నాం, ఇద్దరు ఆడవాళ్ళం, ఒకళ్ళకీ తట్టలేదు!

"సరళా!" అని బస్సు అదిరిపోయేలా అరిచాను. డ్రైవరు కూడా వెనక్కి తిరిగాడు.

చెప్పాను. సరళ నుదురు కొట్టుకుంది. "ఎమ్మే చదివి ఏం లాభం అక్కయ్యా!" అంది. ఆ మాటకి నాకు చాలా హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు తరవాత బందరు గుళ్ళో పాండురంగడికి చెప్పుకున్నాను లెండి.

బైండింగు చేసే ఇల్లు

బందరు గ్రంథాలయంలో ముప్ఫై ఏడు కట్ట ఉంది, కానీ లేదు. బైండింగుకి ఇచ్చారట. ఇంగ్లీషుపాలెం వైపు ఒక సందులో ఆ ఇల్లు. బెంజిమన్‌గారని, ఆ ఊరి బైబిళ్ళకీ, పాటల పుస్తకాలకీ అట్టలు కట్టే ఆయన. మేం వెళ్ళేసరికి పొయ్యి మీద మైదా పిండి ఉడికిస్తున్నాడు. అందులో మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదట. ఆ నీలపు జిగురు వాసనకి సరళ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నాకు ఆ వాసనా బాగానే ఉంది.

"లైబ్రరీవాళ్ళు పంపించారా? పని ఎప్పుడవుతుందని అడగరు గానీ మనుషుల్ని మాత్రం పంపిస్తారు" అని గొణిగాడు. "కుట్లు విప్పేశానండీ, అన్నీ విడివిడిగా ఉన్నాయి. కొన్ని తడి. కొంగులు తగలనివ్వకండి."

గదిలో చాప మీద రెండు దొంతరలు. గాలికి లేచిపోకుండా ఒకదాని మీద సన్నికల్లు, ఒకదాని మీద రుబ్బురోలు పొత్రం. ఏ వారం కాగితం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. "మీరు అది, నేను ఇది" అంది సరళ, సన్నికల్లు పక్కకి జరుపుతూ. నేను పొత్రం ఎత్తాను.

ఇంతలో ఆయన భార్య రూతమ్మగారు నాలుగు గ్లాసుల్లో కాఫీ తెచ్చింది. అందులో ఒకటి తను తీసుకుని మాతో పాటే కూచుంది. సరళ నా సంగతి చెప్పింది.

"కాఫీ వదిలేశారా! అయ్యో తల్లీ, వంకాయ వదలకపోయారా?"

"వంకాయా ఇష్టమేనండీ. కానీ ఆ నిమిషానికి నోట్లోకి కాఫీయే వచ్చింది."

"మేం శ్రమకాలంలో నలభై రోజులు వదుల్తామండీ. ఈస్టరు పొద్దున్న ఆరాధన కాగానే ఇంటికొచ్చి మళ్ళీ తాగేస్తాం. ఆ రోజు కాఫీ రుచే వేరు. మీకు అలాంటి ఏర్పాటేం లేదా?"

"మాది ఒకసారి వదిలితే వదిలినట్టేనండీ."

"కష్టమే" అని ఆమె నిజంగా జాలిపడింది. నాకు వాళ్ళ ఈస్టరు మీద ఎంత అసూయ కలిగిందో చెప్పలేను. పోగొట్టుకున్నది తిరిగి వచ్చే పొద్దు ఏటా ఒకటి ఉండటం చిన్న భాగ్యమా?

కాగితాలు తిప్పుతూ ఉన్నాను. ధాన్యం ధరలు, కాలవల మరమ్మతులు, తలనొప్పి తైలం. నా దొంతర సగం కూడా కాలేదు.

"అక్కయ్యా" అంది సరళ. గొంతు వేరేగా ఉంది. "మీ నాన్నగారి పేరు ఏమన్నారు?"

ఆమె వేలు ఆ పేరు మీద ఉంది. కింద మా ఊరి పేరు. ముప్ఫై ఏళ్ళకి పైగా నేను ఎదురుచూసిన చోట ఆమె వేలు. సన్నికల్లు నేను ఎత్తి ఉంటే! కళ్ళలో నీళ్ళు వచ్చాయి. సంతోషంతోనా, ఇంకోదానితోనా అని మీరు అడిగితే, రెండూ అంటాను. "నేను చదువుతాను" అని కాగితం నా వైపు తిప్పుకున్నాను.

చిన్నదే, జానెడు కూడా లేదు. ఆడవాళ్ళు కాఫీ మరిగి సంసారాలు పాడు చేస్తున్నారని ముందు వారాల్లో రాసినవాళ్ళకి జవాబు. మా ఇంట్లో గింజలు వేయించేదీ, పొడి కొట్టేదీ, చీకట్లో లేచి పొయ్యి రాజేసేదీ నా భార్యే, అని రాశారు నాన్నగారు. అందరం తాగాక మిగిలిన పిప్పిలో నీళ్ళు పోసుకుని ఆమె తాగుతున్నదని తను మొన్న మొన్ననే చూశారట. ఇన్నాళ్ళూ చూడకపోవడం సిగ్గుచేటట. నిన్నటి నుంచి మొదటి గ్లాసు ఆమెకి ఇచ్చి తరవాత తను తాగుతున్నాననీ, మీరూ అలా చేసి చూసి, ఆపైన ఆడవారి మీద రాయవలసిందనీ ముగించారు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. పుట్టింట్లో పొద్దున్నే అమ్మ వంటింటి గడప మీద కూచుని రెండు చేతులతో గ్లాసు పట్టుకుని తాగేది. నాన్నగారు పక్కన నుంచునేవారు. అన్ని ఇళ్ళలోనూ అంతేననుకుని అత్తవారింటికి వచ్చాను.

బెంజిమన్‌గారు తన గ్లాసు కింద పెట్టి, భార్యకేసి చూసి, "మనింట్లో ఎవరు ముందే?" అన్నాడు.

"నేనే. మీరు లేచేసరికి ఒక గ్లాసు అయిపోయి ఉంటది. చెప్పలేదంతే" అంది రూతమ్మగారు.

తిరుగు ప్రయాణం

సరళ మొత్తం తన ముత్యాల అక్షరాలతో రాసి ఆ కాగితం నాకే ఇచ్చింది. వ్యాసంలో "మా కుటుంబంలోని ఒక పెద్దమనిషి" అని రాస్తానంది. "ఎవరి కుటుంబం?" అన్నాను. నాలుక కరుచుకుని, మా నాన్నగారి పేరూ, ఆయన కూతురిగా నా పేరూ రాస్తానని ఒట్టు పెట్టుకుంది. మంచి పిల్ల. నాకు ఆమె మీద ఉన్నదంతా అసూయే గానీ కోపం లేదు.

బస్సులో లడ్డూ తింటూ చాలాసేపు ఆలోచించి ఇలా అంది. "అక్కయ్యా, కాశీ వెళ్ళేదాకా మీరు తాగింది రెండో డికాషనే కదా. అంటే మీరు వదిలిందీ అదే. మొదటిది మీరు ఎప్పుడూ తాగనే లేదు, వదిలినట్టు ఎలా అవుతుంది? నిక్షేపంలా తాగొచ్చు."

ఒక్క నిమిషం నోరూరింది, అబద్ధం ఎందుకు. కానీ గంగ ఒడ్డున నేను "రెండో డికాషను" అనలేదు.

"దేవుడి దగ్గర ప్లీడరు వాదనలు వద్దమ్మా" అన్నాను.

ఇంటికి వచ్చి కాగితం మావారి చేతికిచ్చి, అత్తగారి ఎదుట గట్టిగా చదవమన్నాను. చదివారు. సగం నుంచీ ఆయన గొంతు తగ్గుతూ వచ్చింది. అత్తగారు వత్తులు చేస్తున్న చెయ్యి ఆపి విన్నారు. ఎగతాళి ఏదో వస్తుందని ఎదురుచూశాను.

"అయితే మీ అమ్మ మగవాళ్ళకంటే ముందే తాగేదా?" అన్నారు.

"తాగేదండీ."

"మీ మావగారు పోయేదాకా నేను తాగింది పిప్పినీళ్ళే అమ్మాయ్" అని, మళ్ళీ వత్తి అందుకుంటూ, "అదృష్టవంతురాలు మీ అమ్మ" అన్నారు. ఆ గొంతు నేను గుర్తుపట్టాను. బెజవాడ హోటల్లో వేడిపాల ముందు నాది అదే గొంతు.

మర్నాడు తులసి దగ్గర దీపం పెట్టి లోపలికి వచ్చేసరికి మావారు వంటింట్లో ఉన్నారు. ఫిల్టరు చుట్టూ పొడి ఒలికి ఉంది, పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. నా వైపు చూడకుండా ఒక గ్లాసు ముందుకు తోశారు. "ఇదిగో, మొదటిది." అని, వెంటనే "అయ్యో, నీకు..." అని వెనక్కి తీసుకోబోయారు.

"ఇటివ్వండి" అన్నాను.

అప్పణ్ణుంచీ రోజూ మొదటి గ్లాసు నా చేతికే వస్తోంది. గడప మీద కూచుని రెండు చేతులతో పట్టుకుంటాను. ఆ వేడికి, ఆ వాసనకి, అది ఇచ్చిన చేతులకి దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. చల్లారక ముందే తీసుకెళ్ళి అత్తగారికి ఇస్తాను. ఆవిడ తాగాక మావారు తాగుతారు. ఇంతకంటే ఏం కావాలి, నాకు ఏ లోటూ లేదు.

మా అమ్మ అయితే తాగేది.